గృహవిజ్ఞానము: పాత మోటారుబండికి పోయవలసిన నీరు

ఈ శీర్షిక క్రింద మేము వంటింటిని గూర్చియు, పెరటిని గూర్చియు, పిల్లల ఆరోగ్యమును గూర్చియు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసమున మోటారుబండిని గూర్చి వ్రాయుట చూచి, ఇది మగవారి పని గదా యని కొందరు సోదరీమణు లనుకొనవచ్చును. నేడు బండి నడుపు స్త్రీలు ప్రతి వీధియందును ఉన్నారు. నడపని వారైనను పిల్లలను ఒడిలో నిడుకొని అదే బండిలో దూరప్రయాణము చేయుచున్నారు. అంతేకాక, బండికై కొన్న డబ్బాలును సీసాలును తుదకు చేరునది మన వసారాలోనే. వానిలో నొకటి విషమై యుండగా ఆ సంగతి ఇల్లాలికి తెలియకుండుట తగదు.

గుంటూరు ప్రాంతపు సోదరి యొకరు మాకిట్లు వ్రాసినారు. వారి మామగారు 1985 ప్రాంతమున కొనిన ప్రీమియర్ పద్మిని బండి ఇంకను ఇంట నున్నదట. ఆయన గతించిన పిమ్మట దాని నమ్మివేయుటకు ఎవరికిని మనసు రాక, పండుగకు పబ్బమునకు తీసి నడుపుచున్నారట. వేసవిలో రెండు పర్యాయములు దారిలో ఆవిరి చిమ్మి నిలిచిపోయినది. షెడ్డులోని మేస్త్రీ "పాతబండికి నీళ్లు చాలునమ్మా, కూలంటు క్రొత్తబండ్లకే" యనెను. దుకాణదారుడు ఎఱ్ఱని ద్రవమున్న డబ్బా చేతిలో పెట్టి "ఇది పోసినచో ఐదేండ్లు చూడనక్కరలేదు" అనెను. మరది మాత్రము ఆకుపచ్చనిదే మేలని పట్టుపట్టుచున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట నమ్మవలెనని వారి ప్రశ్న. ఉత్తరము చివర, అడుగని సంగతి యొకటి కలదు: పరీక్షకై కొంచెము కొని తెచ్చిన ద్రవమును సోడాసీసాలో పోసి వసారా గూటిలో నుంచితిమని వ్రాసినారు. ఆ సీసాను ఈ వ్యాసము పూర్తిగా చదువకముందే లేచి అక్కడ నుండి తీసివేయుడని మా మనవి. కారణము పిదప చెప్పెదము.

మొదట మేస్త్రీ మాట విచారింతము. ఆయన చెప్పినది పూర్తిగా తప్పని మేమనము. చవకగా దొరకు ద్రవములలో నీటివలె వేడిని మోయగలది వేఱొకటి లేదు. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో నాలుగవ వంతో మూడవ వంతో మాత్రమే బండిని నడుపుటకు పనికివచ్చును. మిగిలిన దానిలో కొంత పొగగొట్టము వెంట పోవును, కొంత ఇంజను లోహమును పట్టుకొనును. ఆ లోహపు వేడిని నీరు మోసికొని పోయి, ముందున్న రేడియేటరులో గాలికి అప్పగించి, చల్లబడి మరల వచ్చును. ఈ రాకపోకలు నిలిచినచో కొద్ది నిమిషములలోనే ఇంజను చెడును. మన మైదానములలో నీరు గడ్డకట్టునంతటి చలి లేదు. లంబసింగి వంటి కొండయూళ్లలో శీతకాలపు వేకువజామున సున్న డిగ్రీల దరిదాపులకు దిగుట కద్దు గాని, విజయవాడకును వరంగల్లుకును ఆ భయము లేదు. గడ్డకట్టకుండ చేయు మందు మనకేల యను మేస్త్రీ తర్కము పైకి సరిగనే తోచును.

అయితే ఆ డబ్బాలోని ద్రవమునకు చలిని కాచు గుణ మొక్కటే కాదు, తుప్పును కాచు గుణమును కలదు. మనకు కావలసినది ఈ రెండవదే. పద్మిని ఇంజను దిమ్మె పోతయినుము. దాని తలకట్టు అల్యూమినియము. రేడియేటరు రాగియు ఇత్తడియు. అతుకులు సీసమును తగరమును కలిపిన టంకము. ఇన్ని జాతుల లోహములు ఒకే నీటిలో మునిగి, ఒకదానితో నొకటి తగిలియుండగా, ఆ నీరు చిన్న బ్యాటరీవలె పని చేసి బలహీనమైన లోహమును తినివేయుచుండును. వేడి హెచ్చినకొలది ఆ తినుటయు హెచ్చును. 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు బండ్లలో, పాత 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను గలవానికి దిమ్మెయు తలకట్టును రెండును ఇనుమే. అందువలన అవి ఒట్టి నీటితో ఎక్కువకాల మోర్చుకొన్నవి. మన మేస్త్రీలు చాలమంది పనిచేయి నేర్చినది ఆ బండ్లమీదనే. వారి నోట "నీళ్లు చాలు" నను మాట అప్పటినుండి నిలిచినది. అల్యూమినియపు తలకట్టు గల పద్మినికిని, 1983 డిసెంబరులో బయటికి వచ్చిన మారుతీ 800 కును ఆ మాట వర్తింపదు.

ఇత్తడిగిన్నెకు కళాయి పోయిన తరువాత దానిలో చింతపండుపులుసు కాచు ఇల్లాలు ఎవరును లేరు. కళాయి యున్నంతవరకు పులుసు ఇత్తడిని తాకదు. కూలంటులో కలిపియుంచు ఔషధములు ఇంజను లోపలి గోడలకు అట్టి కళాయినే పూయును. కన్నులకు కనబడనంత పలుచని పొర అది. కాని కళాయి కొన్నాళ్లకు అరిగి, మరల పూయించుకొనవలసి వచ్చినట్లే, ఈ పొరను నిలుపు మందును కాలక్రమమున ఖర్చైపోవును. ద్రవము డబ్బానిండ కనబడుచునే యుండును, రంగును మాయదు, లోని మందు మాత్రము తీరిపోయి యుండును. "నీళ్లు తగ్గలేదు గదా, ఎందుకు మార్పింపవలె" నని అడుగువారు ఈ సంగతి గ్రహింపవలెను.

ఇక ఆ ద్రవమేమో చెప్పెదము. దాని పేరు ఎథిలీన్ గ్లైకాలు. 1856వ సంవత్సరమున వుర్ట్‌జ్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని మొదట తయారుచేసెను. బండ్లు వచ్చిన తొలిదినములలో చలిదేశమువారు నీటిలో సారాయి జాతి ద్రవములను కలిపెడివారు. అవి వేడికి ఆవిరియై పోవుచుండగా, తేనె పోసి చూచినవారును కలరు! 1927 నాటికి అమెరికాలో గ్లైకాలు డబ్బాలలో అంగళ్లకు వచ్చినది. నీరు 100 డిగ్రీల వద్ద మరగగా, ఇది 197 డిగ్రీల వరకు మరగదు. సగము నీరు, సగము గ్లైకాలు కలిపినచో, సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ఇందొక వింత కలదు. నీరు కలుపని శుద్ధ గ్లైకాలు మాత్రము సున్నకు దిగువ 13 డిగ్రీలకే గట్టిపడును. పైగా వేడిని మోయుటలో అది నీటికి చాల తీసికట్టు. ఖరీదైన సరకు గనుక చిక్కగా పోసిన మేలని తలచువారు, డబ్బు పోసి తమ ఇంజనును ఇంకను వేడెక్కించుకొనుచున్నారు.

దుకాణములో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, గులాబి, పసుపు రంగుల ద్రవములు వరుసగా నిలిపియుందురు. గ్లైకాలునకు సహజముగ రంగు లేదు. ఆ రంగులన్నియు తయారుచేయువారు తమ యిష్టము చొప్పున కలిపినవే. ఏ రంగునకు ఏ మందు కలుపవలెనను కట్టడి లేదు. ఒక కంపెనీ ఆకుపచ్చనిదియు మఱొక కంపెనీ ఆకుపచ్చనిదియు లోన వేర్వేరు సరకులు కావచ్చును. చీర కొనునప్పుడు రంగు నచ్చినను పోగు పట్టి చూడక కొనము గదా. ఇక్కడను డబ్బా వెనుకనున్న సన్నని అక్షరములనే చదువవలయును.

ఆ అక్షరములలో చూడదగినది రక్షకౌషధముల జాతి. అవి ముఖ్యముగ రెండు తెగలు. మొదటిది పూర్వపు తెగ: సిలికేటులు, ఫాస్ఫేటులు మొదలగు లవణములు కలిపినది. ఇది వేగముగ పొర కట్టి అన్ని లోహములను, టంకపు అతుకులను సయితము, కాపాడును. కాని రెండేండ్లలో తీరిపోవును. రెండవది క్రొత్త తెగ: సేంద్రియామ్లములు కలిపినది, ఇంగ్లీషు అక్షరములలో ఓ.ఏ.టి. అని వ్రాయుదురు. ఇది మెల్లగ పని చేయును, ఐదేండ్లు నిలుచును, అల్యూమినియపు రేడియేటరులు గల నేటి బండ్లకు చాల మంచిది. దుకాణదారుడు చెప్పిన ఐదేండ్ల మాట అబద్ధము కాదు. ఆ మాట ఏ బండికో ఆయన చెప్పలేదు. సీసము హెచ్చుగా గల టంకముతో అతికిన పాత రాగిరేడియేటరులయెడ ఈ క్రొత్త తెగ రక్షణ అంత నమ్మదగినది కాదు. దీనిలోని కొన్ని ఆమ్లములు పాతకాలపు గాస్కెట్లను, రబ్బరు ముక్కలను మెత్తబరచి కారునట్లు చేయునని పాతబండ్లను పోషించువారు చాలకాలముగ హెచ్చరించుచున్నారు. రెంటిని కలిపి చేసిన మూడవ తెగయు కలదు. అది ఆయా బండ్ల పుస్తకములో చెప్పియున్నచోటనే వాడదగినది.

కాబట్టి గుంటూరు సోదరి విషయమున, మరది ఆకుపచ్చ యని పట్టుపట్టుటలో ఫలము సరియైనదే కావచ్చును, కారణము మాత్రము రంగు కాదు. పద్మినికి వారు కొనవలసినది సిలికేటో ఫాస్ఫేటో గల పూర్వపు తెగ కూలంటు. డబ్బాపై భారతీయ ప్రమాణమైన ఐ.యస్. 5759 గాని, జపానువారి జె.ఐ.యస్. కె 2234 గాని ముద్రించియున్నదేమో చూడవలెను. ఏ ప్రమాణమును వ్రాయక, "కూలంటు" అని మాత్రము పెద్దక్షరములతో నుండి, నీటి వెలకే వచ్చు సీసాలు కొన్ని కలవు. వానిలో రంగునీరు తప్ప మఱేమియు నుండకపోవుటయు కద్దు. అట్టిదానిని కొనుటకంటె మేస్త్రీ చెప్పిన ఒట్టి నీరే నయము. డబ్బు మిగులును.

తమ బండి ఏ జాతిదో తెలియని వారు రేడియేటరును చూచి గుర్తింపవచ్చును. నల్లరంగు పూసి, పైతొట్టి లోహముదై, అంచులందు టంకపు మచ్చలు కనబడినచో అది రాగి ఇత్తడి రేడియేటరు. రెక్కలు వెండివలె తెల్లగ నుండి, ప్రక్కతొట్లు నల్లని ప్లాస్టిక్కువైనచో అది అల్యూమినియముది. రెండవదానికి బండివారి పుస్తకములో చెప్పిన తెగనే కొనుడు. పాతబండియైనను ఎవరో ఎప్పుడో రేడియేటరు మార్పించి యుండవచ్చును గనుక, పేరు చూచి కాక బండిని చూచియే నిర్ణయింపవలెను. ఏ తెగయైనను రెంటిని కలుపరాదు. కలిసినచో కొన్ని సమయములందు పేరిన జావవలె ముద్దకట్టి సన్నని దారులను మూసివేయును. ముద్దకట్టకున్నను ఒకదాని గుణము నొకటి చెఱచును.

కూలంటు ఎంత మంచిదైనను దానిలో కలుపు నీరు చెడ్డదైనచో ఫలము లేదు. ఈ సంగతిలో మన సోదరీమణులకు ఒకరు చెప్పవలసినది లేదు. బోరునీరు కాచు గిన్నె అడుగున, గీజరు కడ్డీ మీద తెల్లని సున్నపు పెచ్చు కట్టుట నిత్యము చూచుచునే యున్నారు. ఇంజను లోపలను అదియే జరుగును. ఆ పెచ్చు వేడిని దాటనీయదు, రేడియేటరులోని సన్నని గొట్టములను పూడ్చును. ఫాస్ఫేటు గల కూలంటులో కఱకునీరు పోసినచో మఱింత మడ్డి దిగును. నీటిని కాచి చల్లార్చినంత మాత్రమున కఱకుదనము పూర్తిగా పోదు, కొంత మాత్రమే తగ్గును. బ్యాటరీలకు పోయు శుద్ధజలము లీటరు సీసాలలో దొరకును. అదియే వాడదగినది. అయితే అదే అంగడిలో, అట్టి సీసాలలోనే బ్యాటరీ ఆమ్లమును అమ్ముదురు. పేరు రెండుమారులు చదివి మరీ తీసికొనవలెను. దారిలో మఱేదియు దొరకనిచో త్రాగునీరు పోసి ఇల్లు చేరవచ్చును. ఇల్లు చేరిన పిమ్మట దానిని తీయించి మరల మంచి మిశ్రమము పోయించుడు.

ఇక పాలు. కొన్ని డబ్బాలలో నీరు ముందే కలిపి యుందురు. వానిని మరల పలుచన చేయరాదు. చిక్కని ద్రవమైనచో, మన మైదానములలో మూడవ వంతునకు తగ్గకుండ, సగమునకు మించకుండ కలుపుట మంచిది. మూడవ వంతున్నను చలిని సున్నకు దిగువ 18 డిగ్రీల దాక కాచును, మనకది ఎక్కువే. అంతకు తగ్గించినచో తుప్పును కాచు మందు చాలదు. నాలుగు లీటర్లు పట్టు బండి యనుకొందము. రేడియేటరు క్రింది మర విప్పినచో సగము నీరే కారును, మిగిలిన రెండు లీటర్లు ఇంజను దిమ్మెలోనే నిలిచి యుండును. ఈ సంగతి మఱచి, డబ్బాపై చెప్పిన కొలత ప్రకారము బయట కలిపి పోసినచో, లోపలి నీటితో కలిసి అది సగమునకు సగము పలుచనగును. కాన మొదట ఒక లీటరును మూడవ వంతును చిక్కని ద్రవమునే పోసి, ఆ పైన చాలినంత శుద్ధజలము పోయవలయును. పులుసులో నీరు ముందే యున్నదని తెలిసి చింతపండు పిండు ఇల్లాలికి ఈ లెక్క కష్టము కాదు.

ఇంకొక లెక్కయు కలదు. అదే బండిలో మాసమున కొక అరలీటరు కారిపోవుచున్నదనియు, ప్రతిమారు ఒట్టి నీరు పోసి నింపుచున్నారనియు తలతము. నాలుగు మాసములు గడచునప్పటికి మూడవ వంతున్న కూలంటు ఐదవ వంతునకు దిగిపోవును. డబ్బా మాత్రము నిండుగనే కనబడును. అందువలన ఖాళీయైనంత మేర నింపుటకు, అదే పాలలో కలిపిన మిశ్రమమును ఒక లీటరు సిద్ధముగ నుంచుకొనవలెను. అంతకు మించి, అరలీటరు ఎచ్చట పోవుచున్నదో వెదకింపవలెను. నీరు ఊరకే తగ్గదు.

పాతబండికి క్రొత్తగ కూలంటు పోసిన వారమునకే కారుటకు మొదలుపెట్టినదని, తప్పు కూలంటుదని కొంద రందురు. గ్లైకాలు సన్నని సందులలో దూరును, అంతవరకు చిల్లులను మూసియుంచిన తుప్పును కదల్చును. చిల్లు ముందే కలదు, ఇప్పుడు బయటపడినది. కనుక ముందుగ రబ్బరు గొట్టములను నొక్కి చూడుడు. గట్టిపడి పగుళ్లు తేలినవానిని, ఉబ్బి మెత్తబడినవానిని మార్పింపవలెను. లోన మురికి యెక్కువగ నున్నచో శుద్ధముగ కడిగింపవలెను. వంటింటి నిమ్మఉప్పు పలుచని ద్రావణముతో కడుగుట వాడుకలో కలదు గాని, అల్యూమినియమున్న ఇంజనులో దానిని ఎక్కువసేపు నిలువనీయరాదు, తరువాత రెండు మూడు మారులు మంచి నీటితో కడుగవలెను. లారీవారు కొందరు రేడియేటరు చిల్లునకు పసుపుగుండ పోయుట మీరు వినియుందురు. అది నిజముగనే చిన్న చిల్లును తాత్కాలికముగ మూయును. ఊరు చేరుటకు పనికివచ్చును, కాని ఆ ముద్ద మంచి గొట్టములను కూడ మూయగలదు గనుక దానినే వైద్యముగ నమ్ముకొనరాదు.

మేస్త్రీలు చేయు మఱొక పనిని మేము ఒప్పుకొనజాలము. బండి వేడెక్కుచున్నదని చెప్పగనే థర్మోస్టాటును ఊడబెరికి పారవేయుదురు. అది ఇంజను తగినంత వేడెక్కువరకు నీటిని రేడియేటరుకు పోనీయని చిన్న తలుపు. అది పాడైనచో క్రొత్తది వేయింపవలెను. తీసివేసినచో ఇంజను ఎల్లప్పుడు చల్లగ నడచి, పెట్రోలు ఎక్కువ త్రాగి, త్వరగ అరుగును. అట్లే, రేడియేటరు మూతను ఒత్తిడి యెక్కువది తెచ్చి బిగించినచో పాత అతుకులు విచ్చుకొనును. మూతమీద అంకె యుండును. 0.9 అని యున్న మూత క్రింద ఒట్టి నీరు సుమారు 118 డిగ్రీల దాక మరగదు, సగపాలు కూలంటు ఇంకను ఏడెనిమిది డిగ్రీల పైదాక ఓర్చును. చాల పాతబండ్లకు ఇంతకంటె తక్కువ ఒత్తిడి మూతలే ఉండును. పాత మూతకు ఏ అంకె యున్నదో క్రొత్తదానికిని అదియే యుండవలెను.

ఆ మూత సంగతి వచ్చినది గనుక ఒక మాట. బండి ఆవిరి చిమ్మి నిలిచినప్పుడు తొందరపడి మూత తిప్పి ముఖమును చేతులును కాల్చుకొన్నవా రనేకులు. లోన 110 డిగ్రీలకు మించిన వేడి నీరు ఒత్తిడిచేత అణగియున్నది. మూత తీసిన క్షణముననే అది మరగి ఆవిరితో కూడి పైకెగయును. ముల్లు పైకి పోవుచున్నట్లు కనబడగనే ఏ.సి. యున్నచో ఆపి, వేడిగాలి పెట్టె యున్నచో దానిని తెరచి, ప్రక్కకు తీసి ఇంజను నాపుడు. పిల్లలను దింపి దూరముగ నిలుపుడు. అరగంటయైనను ఆగి, పైగొట్టము చేతికి వేడి తగులని పిమ్మట, దళసరి గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, మూతను మొదటి గాడి వరకే తిప్పి ఆవిరి పోనీయవలెను. కాలిన ఇంజనులో చన్నీరు కుమ్మరించినచో పొయ్యిమీది గాజుపాత్రలో నీళ్లు పోసినట్లే బీటలు వారును. మరునాడు నూనె పోయు మూత విప్పి చూడుడు. దాని లోపల మజ్జిగవలె తెల్లని నురుగు పట్టియున్నచో, తలకట్టు క్రింది గాస్కెట్టు పోయి నీరు నూనెలో కలిసియుండవచ్చును. బండిని కదపక మేస్త్రీని ఇంటికే పిలిపింపుడు. ఏటికి ఒకటి రెండుమారులు తీసి కొద్దిదూరము నడుపు బండిలో ఆ నురుగు ఉత్త తేమవలన కూడ పట్టును. అట్టిచో దానిని తుడిచి, నీరు తగ్గుచున్నదేమో కూడ చూచి నిర్ణయింపవలెను.

ఇక సోడాసీసా. ఎథిలీన్ గ్లైకాలు రుచికి తియ్యగ నుండును, వాసన చెప్పుకోదగినంత లేదు, రంగు చూడ షర్బతువలె నుండును. ఇంతకంటె పిల్లలను మోసగించు విషమును మేమెఱుగము. పెద్దవారికి సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణాంతకమని వైద్యగ్రంథములు చెప్పును. పసివానికి ఒకటి రెండు గుక్కలును అపాయమే. పిల్లికి ఒక చెంచాడు చాలును. త్రాగిన తొలిగంటలలో మత్తెక్కినట్లు తూలుట, వాంతులు కనబడును. పిదప కొంత తెఱపి యిచ్చినట్లుండి తల్లిదండ్రులను ఏమరించును. ఆ వేళలోనే కాలేయము దానిని ఆమ్లములుగ మార్చుచుండును. తుదకు ఆక్సాలికామ్లము సున్నముతో కూడి సూదులవంటి స్ఫటికములై మూత్రపిండములను పాడుచేయును. ఇది ఒకటి రెండు దినములలోనే జరుగును. త్వరగ ఆసుపత్రి చేర్చినచో విరుగుడు మందులు కలవు, రక్తమును యంత్రముతో శుద్ధిచేయుదురు, బిడ్డలు బ్రతుకుదురు. కనుక త్రాగెనని అనుమానమే కలిగినను, లక్షణముల కొఱకు ఎదురుచూడక 108 కు ఫోను చేసి, డబ్బాను వెంట తీసికొని పోవలెను. గొంతులో వ్రేలు పెట్టి వాంతి చేయింపరాదు. ఉప్పునీరు త్రాగింపరాదు. 2022లో గాంబియా దేశమున దగ్గుమందులో ఈ గ్లైకాలును, దీని జాతిదే యైన డై ఎథిలీన్ గ్లైకాలును కలిసియుండుటచే అరువదిమందికి పైగా పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిన వార్త చదివిన వారికి ఈ విషమెట్టిదో తెలియును.

అందుచే కూలంటును కొన్న డబ్బాలోనే యుంచి, తాళమున్న అలమరలో పెట్టవలెను. త్రాగుడు సీసాలో, చెంబులో, గ్లాసులో ఒక్క గడియయైనను పోయరాదు. కొలుచుటకు వాడిన పాత్రను మరల వంటింటికి తేరాదు. సీసాపై తెలుగున "విషము" అని వ్రాయుడు, పనిమనిషికిని నోటితో చెప్పుడు. బండి క్రింద ఆకుపచ్చని, ఎఱ్ఱని తడి కనబడినచో నీటితో బాగుగ కడిగింపవలెను, వీథికుక్కలును ఆవులును నాకును. మేస్త్రీ తీసిన పాత ద్రవమును కాలువలోనో అరటిచెట్టు మొదటనో పోయనీయక, డబ్బాలో పట్టించి, పాతనూనె తీసికొను షెడ్డువారికే అప్పగింపుడు. పసిపిల్లలు, పెంపుడు జంతువులు గల ఇండ్లవారు ప్రొపిలీన్ గ్లైకాలుతో చేసినది దొరికినచో వాడవచ్చును. దాని వెల హెచ్చు, విషము మిక్కిలి తక్కువ. ఐనను త్రాగదగినది కాదు.

విదేశములందున్న మన చదువరులకును, లడకులోను కాశ్మీరములోను భర్తలు సైన్యోద్యోగములలో నుండగా వెంటనున్న సోదరీమణులకును పైన చెప్పిన మూడవ వంతు లెక్క చాలదు. నీరు గడ్డకట్టునప్పుడు పదకొండింట ఒక వంతు ఉబ్బును. ఆ బలమునకు పోతయినుపు దిమ్మెయే పగులును. తెలుగువారు వేలకొలదిగ నున్న డాలసు నగరము ఎండలకు పేరుపడినది, ఐనను 2021 ఫిబ్రవరి 16న అక్కడ సున్నకు దిగువ 19 డిగ్రీలకు దిగెను. వేసవిలో నీరు పోసి పోసి పలుచనైన పాతబండ్లకు అట్టి రాత్రులు గండములు. అట్టిచోట్ల సగపాలు తప్పదు. సగమును మించి మూడింట రెండు వంతులను దాటినచో మరల గుణము తగ్గును గాన, ఇంకను పోసిన ఇంకను మేలను భ్రమ వలదు. ఎంత చిక్కదనమున్నదో కొలుచు చిన్న గాజుగొట్టము, లోన రంగుగుండ్లు తేలునది, బండి సామానుల అంగళ్లలో తక్కువ వెలకే దొరకును. చలికాలము రాకముందే, ఇంజను చల్లగ నున్నప్పుడు దానితో చూచుకొనవలెను.

గుంటూరు సోదరికి కడపటి మాట. మేస్త్రీచేత లోపలి నీరు తీయించి, కడిగించి, గొట్టములు చూపించి, పైన చెప్పిన లెక్కతో పూర్వపు తెగ కూలంటు పోయింపుడు. మూత తెరచియుంచి ఇంజను కొంతసేపు నడపినచో లోన చిక్కిన గాలి బుడగలుగ పోవును. మరునాటి ఉదయము చల్లని ఇంజనులో మట్టము చూచి, తగ్గినంత నింపుడు. వారము గడచిన పిదప మఱొకమారు చూడుడు. పోసిన తేదీని, కూలంటు పేరును, కలిపిన పాలును ఒక చీటిపై వ్రాసి బానెట్టు లోపల అంటించుడు. మరల మార్పించుట రెండేండ్లకు.